మగకుక్కకు శస్త్రచికిత్స ఎప్పుడు?

కోడెదూడకు ఏ యీడున విత్తులు కొట్టింపవలెనో మన రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. మిక్కిలి లేతగా నున్నప్పుడు కొట్టించినచో మెడ నిండదు, మూపురము పెరుగదు, కాడి మోయుటకు బలము చాలదు. ముదిరిన పిమ్మట కొట్టించినచో కుమ్ములాట అలవాటు ఒకపట్టున వదలదు. ఈ రెంటికిని నడుమ తగిన కాల మొకటి కలదని తాతముత్తాతల నాటినుండియు మన మెరుగుదుము. కాని ఆ రైతు వాకిటనే కాపలాయుండు మగకుక్క విషయమున ఇట్టి విచారణ చేయువారు మిక్కిలి అరుదు. కొందరు ఆ మాటయే తలపెట్టరు. కొందరు ఎవరో చెప్పిరని మూడు నెలల పిల్లను పశువైద్యశాలకు గొనిపోవుదురు. పంచాయతీలు సయితము కుక్కల బాధ మితిమీరిన నాడు తొందరపడి ఏదో ఒకటి చేయబూనుచున్నవి గాని, ఏది ముందు, ఏది వెనుక అని ఆలోచించుట లేదు.

మగకుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స ఎప్పుడు చేయింపవలెను అను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. యజమాని గల ఇంటి కుక్కకు ఒక జవాబు, యజమాని లేని ఊరి కుక్కకు మరియొక జవాబు. ఇంటి కుక్క విషయమున ఈడును, జాతిని చూడవలెను. ఊరి కుక్క విషయమున కార్తెను చూడవలెను. ఈ భేదమును గ్రహించిన పంచాయతీ ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికిని ఫలము పొందును. గ్రహింపని పంచాయతీ ఏటేట ఖర్చుపెట్టుచునే యుండును, ఏటేట వీధులలో క్రొత్త పిల్లలు పుట్టుచునే యుండును.

పంచాయతీకి ఈ విషయముతో పని యేమి?

మనుష్యులకు రేబీస్ వ్యాధి వచ్చిన సందర్భములలో నూటికి 99 వరకు కుక్కకాటు వలననే వచ్చుచున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. వ్యాధి లక్షణములు కనబడిన పిదప దానికి మందు లేదనియే చెప్పవలెను. కాటుపడువారిలో పిల్లలు ఎక్కువ. బడికి నడచిపోవు పిల్లవాడు, చెత్తకుప్ప ప్రక్క ఆడుకొను పిల్ల, తెల్లవారకముందే పొలమునకు బయలుదేరు కూలి, వీరే ముందుగా కుక్కల గుంపునకు ఎదురగుదురు. 2030 నాటికి కుక్కల మూలమున వచ్చు రేబీస్ మరణములు లేకుండ చేయవలెనను సంకల్పముతో భారత ప్రభుత్వము 2021 సెప్టెంబరు 28వ తేదీన జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించినది. ఆ సంకల్పము నెరవేరునది ఢిల్లీలో కాదు, గ్రామములోని వీధులలోనే.

2023 మార్చి నెలలో వెలువడిన జంతు జనన నియంత్రణ నియమములు, 2001 నాటి పాత నియమముల స్థానమున వచ్చినవి. ఇవి 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము క్రింద చేయబడినవి. వీటి ప్రకారము పెంపుడు కుక్కకు టీకా వేయించుట, శస్త్రచికిత్స చేయించుట యజమాని బాధ్యత. వీధికుక్కల విషయమున ఆ బాధ్యత స్థానిక సంస్థది. స్థానిక సంస్థ యనగా పురపాలక సంఘము మాత్రమే కాదు, గ్రామ పంచాయతీ కూడ. కావున 'ఇది పశువైద్యుని పని' యని సభ్యులు తప్పుకొనుటకు వీలులేదు. కత్తి పట్టుట పశువైద్యుని పని. కాలము నిర్ణయించుట, వరుస ఏర్పరచుట పంచాయతీ పని.

మగకుక్క దేహధర్మము

పుట్టిన రెండు నెలల నాటికి మగపిల్ల వృషణములు కడుపులోనుండి తిత్తిలోనికి దిగును. ఆరు నెలలు నిండినను ఒకటిగాని రెండుగాని దిగకున్నచో ఆ కుక్కను పశువైద్యునకు తప్పక చూపవలెను. లోపల నిలిచిపోయిన వృషణమునకు కంతి పుట్టు ప్రమాదము సాధారణమైన వృషణముకంటె చాల హెచ్చు. అట్టి కుక్కకు శస్త్రచికిత్స చేయించుటయే మేలు. దానిని జతకట్టింపను రాదు, ఏలయన ఆ లోపము వంశమునకు దిగవచ్చును.

చిన్న జాతి కుక్కలు ఆరేడు నెలలకే యీడునకు వచ్చును. మన నాటుకుక్కలు ఆరు నెలలకును ఏడాదికిని నడుమ యీడునకు వచ్చును. పెద్ద జాతులకు ఏడాది దాటవచ్చును. కాలెత్తి మూత్రము పోయుట, గోడగోడకును గుర్తు పెట్టుట, ఇల్లు విడిచి తిరుగుట, తోడి మగకుక్కలపై గుర్రుమనుట ఈ యీడు లక్షణములు.

వృషణములలో పుట్టు రసము కామమునకు మాత్రమే గాక దేహపు పెరుగుదలకును సంబంధించినది. ఎముక చివరల నుండు పెరుగుదల పొరలు తగిన కాలమున మూసికొనుటకు ఆ రసము తోడ్పడును. లేత వయసున వృషణములు తీసివేసినచో ఆ పొరలు ఆలస్యముగా మూసికొనును, కాలి ఎముకలు కొంచెము మించి పెరుగును, కీళ్ల అమరిక చెడవచ్చును. లేతకోడె విషయమున రైతు కంటితో చూచి గ్రహించినదానికి ఇది కుక్కలో కనబడు మరియొక రూపము.

ఇంటి కుక్క: ఈడు, జాతి, పని

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డేవిస్ పశువైద్య విద్యాలయమునకు చెందిన బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ అను శాస్త్రజ్ఞులు తోడి పరిశోధకులతో కలసి ఈ విషయమును చాల కాలము పరిశీలించిరి. 2016లో వారు జర్మన్ షెపర్డ్ జాతిని గురించి ప్రకటించిన ఫలితములలో, ఏడాది నిండకముందే శస్త్రచికిత్స జరిగిన మగకుక్కలలో నూటికి 21 కీళ్ల జబ్బుల పాలయినవని, శస్త్రచికిత్స జరుగని మగకుక్కలలో నూటికి 7 మాత్రమే అట్లయినవని తేలినది. 2020లో వారు 35 జాతులను గురించి ప్రకటించిన ఫలితములలో జాతిజాతికిని భేదము కనబడినది. చిన్న జాతులలో తొందరగా చేయించుటవలన కీళ్లకు హాని హెచ్చినట్లు కనబడలేదు. సంకరజాతి కుక్కలలో 20 కిలోలకు తక్కువ తూగు వాటికిని అట్లే. 20 కిలోలు, అంతకు మించి తూగు వాటిలో ఏడాదికి ముందు చేయించినచో హాని హెచ్చినది.

దీనినిబట్టి మన గ్రామములకు పనికివచ్చు సూత్రము లివి.

సాధారణమైన నాటుకుక్కకును, చిన్న జాతి పెంపుడు కుక్కకును ఆరు నెలలు నిండిన పిమ్మట, ఏడాదికి లోపల ఎప్పుడైనను చేయింపవచ్చును. బరువు 20 కిలోలు దాటునట్టి కుక్కకు ఏడాది నిండువరకు ఆగుట మేలు. జర్మన్ షెపర్డ్ వంటి దానికి రెండేండ్లు నిండువరకు ఆగవలెనని పై పరిశోధకులు సూచించిరి. ఆగదలచినవాడు కుక్కను కట్టివేసియో, ప్రహరీలోపల ఉంచియో పెంచవలెను. కుక్కను వీధిలోనికి వదలి, 'ఎముకలు ముదురవలె'నని చెప్పుట న్యాయము కాదు.

పనిని కూడ చూడవలెను. గొఱ్ఱెలమందకు కాపలాయుండు కుక్కకు శస్త్రచికిత్స చేయించినచో కాపలా తప్పునని కాపరులు సందేహింతురు. కాపలా బుద్ధి యీడువలన వచ్చినది కాదు. అది జాతివలనను శిక్షణవలనను వచ్చినది, కావున పోదు. సరికదా, ఆడుకుక్క వాసన పట్టి మందను విడిచి పరుగెత్తు అలవాటు తగ్గును.

ఒక మినహాయింపు కలదు. కొల్లేటి ప్రాంతమున బాతులను మేపువారును, జాలరులును తరతరములుగా పెంచిన జోనంగి జాతి వంటి మేలిజాతులు నేడు అరుదైపోవుచున్నవి. అట్టి జాతికి చెందిన, దేహపుష్టిగల, సాధుస్వభావముగల మగకుక్క నొకదానిని యజమాని అదుపులో నుంచుకొని పెంచుచున్నచో, దానిని సంతానమునకై నిలుపుట తప్పుగాదు. కొల్లేటి గ్రామములలోని పంచాయతీలు పశువైద్యునితో ఆలోచించి అట్టి కుక్కల లెక్క వ్రాసి యుంచుట మంచిది.

శస్త్రచికిత్సవలన కలుగునవి, కలుగనివి

శస్త్రచికిత్స జరిగిన మగకుక్కకు వృషణములలో కంతి పుట్టుటకు తావుండదు. నడివయసు దాటిన మగకుక్కలను తరచుగ బాధించు పౌరుషగ్రంథి వాపు రాదు. 1976లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, పెరిగిన పిదప శస్త్రచికిత్స పొందిన 42 మగకుక్కలను గూర్చి విచారింపగా, ఇల్లు విడిచి తిరుగు అలవాటు పదింట తొమ్మిదింటిలో తగ్గినట్లు తెలిసినది. మగకుక్కల నడుమ పోట్లాట సగముకంటె ఎక్కువ వాటిలో తగ్గెను. మూత్రముతో గుర్తు పెట్టుట దాదాపు సగములో తగ్గెను. తిరుగుట తగ్గినచో లారీల క్రింద పడుట తగ్గును, పొరుగూరి కుక్కలతో కరచుకొనుట తగ్గును. కరచుకొనుట తగ్గినచో రేబీస్ ఒక ఊరినుండి మరియొక ఊరికి ప్రాకు దారి ఇరుకగును.

కాని ఈ చికిత్స సర్వరోగ నివారిణి కాదు. భయముచేత కరచు కుక్క దీనివలన మారదు, ఒక్కొక్కప్పుడు దాని భయము హెచ్చుటయు కలదు. కట్టుత్రాట పగలును రాత్రియు బిగించి, కొట్టి, రాళ్లు రువ్వి పెంచిన కుక్కను పశువైద్యుని కత్తి సాధువును చేయజాలదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ శస్త్రచికిత్స రేబీస్‌ను ఆపదు. రేబీస్‌ను ఆపునది టీకా. శస్త్రచికిత్స జరిగిన కుక్కయైనను టీకా లేనిదైనచో వ్యాధి పాలగును, వ్యాధిని పంచును. కావున ఈ రెండును ఎల్లప్పుడు జంటగా సాగవలెను. పెంపుడు పిల్లకు మూడు నెలల యీడున మొదటి టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల వేయించుచు ఏటేట కొనసాగింపవలెను.

ఊరి కుక్కల లెక్క వేరు

ఇక పంచాయతీ సభ్యులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసిన భాగమునకు వచ్చుచున్నాము. మగకుక్కకు చేయు శస్త్రచికిత్స సులభమైనది. కడుపు తెరవనక్కరలేదు, త్వరగా ముగియును, ఖర్చు తక్కువ, గాయము త్వరగా మానును. అందుచేత కొద్ది సొమ్ము చేతనున్నప్పుడు మగకుక్కలనే ఎక్కువగా పట్టించి, సంఖ్య చూపి తృప్తిపడుటకు అవకాశము కలదు. అట్టి తృప్తికి ఫలము లేదు. ఏలనో లెక్క కట్టి చూతము.

ఒక గ్రామమున 20 మగకుక్కలు, 20 ఆడుకుక్కలు ఉన్నవనుకొందము. పంచాయతీ కష్టపడి 18 మగకుక్కలకు శస్త్రచికిత్స చేయించినది. మిగిలినవి రెండే మగకుక్కలు. కాని ఆ రెండును 20 ఆడుకుక్కలను చూలు చేయగలవు. అవి చాలకున్నచో పొరుగూరినుండి మరి రెండు వచ్చును. ఈతకు ఐదేసి పిల్లల చొప్పున నూరు పిల్లలు పుట్టును. అదే సొమ్ముతో అంతమంది కాకున్నను 12 ఆడుకుక్కలకు చేయించియున్నచో, ఈనగలవి ఎనిమిదే. పుట్టు పిల్లలు నలువది. 18 ఆడుకుక్కలకు చేయింపగలిగినచో పుట్టు పిల్లలు పది మాత్రమే. మగకుక్కలు ఎన్ని ఉన్నను ఆ సంఖ్య పెరుగదు.

ఇది కాగితముమీది లెక్క మాత్రమే కాదు. రాజస్థాన్‌లోని జైపూరు నగరమున 1994 నవంబరునుండి 2002 డిసెంబరువరకు వీధికుక్కలకు శస్త్రచికిత్సలు, టీకాలు సాగించిరి. ఆ ప్రాంతపు ఆడుకుక్కలలో నూటికి 65 వంతులకు శస్త్రచికిత్సయు టీకాయు అందినవి. కుక్కల సంఖ్య నూటికి 28 వంతులు తగ్గినది. కార్యక్రమము జరిగిన ప్రాంతమున మనుష్యులలో రేబీస్ కేసులు లేకుండ పోయినవి.

అట్లయిన ఊరి మగకుక్కలకు శస్త్రచికిత్స అక్కరలేదా? అక్కరయే. మగకుక్కల కుమ్ములాటలు, ఆడుకుక్క వెంట పదేసి మగకుక్కలు గుంపు కట్టి బడిముందు, బజారులో తిరుగుట, ఆ గుంపునకు అడ్డుపడినవారు కాటుపడుట, ఇవన్నియు మగకుక్కల మూలమున కలుగునవే. పొరుగూళ్లకు పోయి జబ్బు తెచ్చునవియు తరచుగ అవియే. కావున వరుస ఇట్లుండవలెను: సొమ్ము చాలినన్ని ఆడుకుక్కలు ముందు, పిదప మగకుక్కలు, టీకా మాత్రము ఒకేసారి అన్నిటికిని. కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా అందినచో రేబీస్ గొలుసు తెగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

చిత్తకార్తెకు ముందే

ఇప్పుడు కాలమును గురించి చెప్పుదుము. 'చిత్తకార్తె కుక్కలు' అను మాట మన భాషలో ఊరక పుట్టలేదు. మన దేశపు వీధికుక్కలు వానలు వెనుకబట్టు కాలమున ఎక్కువగా జతకట్టును, చలికాలమున ఎక్కువగా ఈనును. ఏడాదిలో తక్కిన కాలమున చూలు కట్టవని కాదు, కాని ఆ కాలపు జోరు తక్కిన కాలమున లేదు. చిత్తకార్తె ఇంచుమించు అక్టోబరు 10వ తేదీన ప్రవేశించును. కుక్క చూలు 63 దినములు. అనగా చిత్తలో కట్టిన కుక్క డిసెంబరు నడుమ ఈనును. ఆ పిల్లలు ఫిబ్రవరి నాటికి పాలు మానును, జూన్ నాటికి ఆరు నెలలవి యగును. అప్పటినుండి అవి శస్త్రచికిత్సకు తగిన యీడునకు వచ్చినట్లే.

మరియొక విషయమును కూడ గమనింపవలెను. మగకుక్కకు శస్త్రచికిత్స జరిగిన నాడే దాని శక్తి నశింపదు. నాళములలో మిగిలిన వీర్యకణములు కొన్ని వారములు నిలిచియుండును. అందుచేత నాలుగునుండి ఆరు వారముల వరకు దానిని చూలు కట్టగలదిగానే భావింపవలెను. చిత్తకార్తె తలుపు తట్టిన పిదప మగకుక్కలను పట్టించుట, వరద వచ్చిన పిదప గట్టు పోయుటవంటిది.

ఈ రెండు లెక్కలను కలిపినచో మన గ్రామములకు తగిన కాలము తానే తెలియును. మృగశిర, ఆర్ద్ర కార్తెలలో కుక్కల లెక్క తీయవలెను. పునర్వసునుండి మఖవరకు, అనగా జూలై మొదటినుండి ఆగస్టు చివరివరకు శస్త్రచికిత్సలు సాగింపవలెను. ఆడుకుక్కలలో చూలివియు, పాలిచ్చునవియు ఈ కాలమున తక్కువ, కావున వాటికిని ఇదే అనుకూలమైన కాలము. మగకుక్కలు ఆఖరు వంతుగా ఆగస్టు చివరికి పూర్తియైనచో చిత్తకార్తె నాటికి ఆరు వారముల వ్యవధి మిగులును. అప్పుడు టీకాతోకూడ పని ముగియును, ఏడాది నిశ్చింతగా గడచును.

వానకాలమున చేయుటలో ఒక చిక్కు కలదు. గాయము తడిసినచో, ఈగలు వ్రాలినచో పురుగు పట్టును. కావున శస్త్రచికిత్స పిదప గాయము ఆరువరకు కుక్కను పైకప్పుగల పొడిచోట ఉంచవలెను. ఆ వసతి లేని చోట వానకాలమున పని మొదలుపెట్టుట తగదు. అట్టి పంచాయతీలు మాఘ ఫాల్గుణములలో, పిల్లలు పాలు మానిన పిమ్మట చేయించుట మేలు. ముఖ్యమైన దేమన, ఏ కాలమున చేయించినను చిత్తకార్తెకు ఆరు వారములు ముందుగా ముగింపవలెను.

చట్టమును మీరరాదు

కుక్కల బాధ భరింపలేక విషము పెట్టించి చంపించుటకు పూనుకొన్న సందర్భములు అక్కడక్కడ వినబడుచున్నవి. ఇది నేరము. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టమును, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షనును దీనిని శిక్షార్హము గావించినవి. తీర్మానము చేసిన సభ్యులు కూడ జవాబుదారు లగుదురు. నేరమను మాట అటుంచినను, అది ఫలింపని పని. కుక్కలను నిలబెట్టునది చెత్తకుప్పలోని తిండి. తిండి ఉన్నంతకాలము చచ్చినవాటి చోటికి పొరుగున నుండి క్రొత్తవి వచ్చి చేరును. వచ్చినవాటికి టీకా ఉండదు. మద్రాసు నగరమున ఎన్నో దశాబ్దములు కుక్కలను చంపుట సాగినను సంఖ్య తగ్గకపోగా, 1996లో ఆ పద్ధతి విడిచి శస్త్రచికిత్సల మార్గము పట్టవలసి వచ్చినది.

నియమముల ప్రకారము వీధికుక్కకు శస్త్రచికిత్సయు టీకాయు చేసి, చెవి కొన కత్తిరించి గుర్తు పెట్టి, పట్టిన చోటనే వదలవలెను. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించుచు, రేబీస్ సోకినవియు, మిక్కిలి క్రూరమైనవియు వదలరాదని చెప్పినది. 2025 నవంబరు 7వ తేదీన అదే న్యాయస్థానము బడులు, ఆసుపత్రులు, ఆటస్థలములు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు చేర్పవలెనని, వాటిని మరల అక్కడ వదలరాదని ఉత్తరువిచ్చినది. తదుపరి ఉత్తరువులను జిల్లా పంచాయతీ అధికారివలనను, జిల్లా పశుసంవర్ధక అధికారివలనను ఎప్పటికప్పుడు తెలిసికొనుచుండవలెను.

శస్త్రచికిత్స చేయు సంస్థకు భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉండవలెను. చౌకగా వచ్చునని ఊరూర తిరుగు అనామకులకు ఈ పని అప్పగింపరాదు. కోడెలకు వాడు పటకారుతో కుక్కకు విత్తులు నొక్కించుట, మత్తుమందు లేకుండ కోయించుట కఠినమైన హింస. మత్తు ఇచ్చి, పశువైద్యునిచేతనే చేయింపవలెను.

పంచాయతీ చేయదగిన పని

ఒక్క చిన్న పంచాయతీకి శస్త్రచికిత్సశాల నడుపుట కష్టము. ఒక మండలములోని పది పన్నెండు పంచాయతీలు కలసి, ఒక చోట కొట్లు, నీరు, విద్యుత్తు ఏర్పరచుకొని, ఊరివెంట ఊరు వంతు వేసికొనవచ్చును. ఇందు మరియొక లాభము కలదు. ఒక ఊరు చేసి ప్రక్క ఊరు చేయనిచో కుక్కలు పొలిమేర గుర్తెరుగవు.

లెక్క తీయుటకు సూర్యోదయవేళ మంచిది. మూడు దినములు వరుసగా అవే వీధులలో తిరిగి మగవి, ఆడువి, పిల్లలు, చెవి గుర్తు గలవి వేరువేరుగ వ్రాయవలెను. ఇంటి కుక్కలకు వేరే పట్టిక ఉంచి, టీకా తేదీ, శస్త్రచికిత్స తేదీ నమోదు చేయవలెను. కోళ్ల వ్యర్థములు, మాంసపు దుకాణముల వ్యర్థములు వీధిలో పోయకుండ కట్టుదిట్టము చేయవలెను. తిండి తగ్గనిదే కుక్కలు తగ్గవు.

ఇంటి కుక్కను శస్త్రచికిత్సకు తెచ్చు యజమానికి కొన్ని మాటలు చెప్పి పంపవలెను. ముందునాటి రాత్రినుండి తిండి పెట్టరాదు. ఇంటికి గొనిపోయిన పిదప పది దినములు స్నానము చేయింపరాదు, పరుగెత్తనీయరాదు, కుట్లు నాకకుండ చూడవలెను. వాపు పెరిగినను, చీము పట్టినను, తిండి మానినను వెంటనే పశువైద్యశాలకు తేవలెను. ఆరు వారములు ఆడుకుక్కలకు దూరముగ ఉంచవలెను. ఇకపై దానికి తిండి కొంచెము తగ్గించి పెట్టవలెను, లేనిచో కొవ్వు పట్టును.

ఇవన్నియు సాగుచుండగా ఎవరైనను కాటుపడినచో, గాయమును సబ్బుతోను, పారు నీటితోను 15 నిమిషములు కడిగి, జాగు చేయక ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన సూదిమందులు అన్నియు పూర్తిగా వేయించుకొనవలెను. పసుపు, కారము, సున్నము గాయముపై పెట్టరాదు. ఈ మాటను గ్రామసభలో ఏటికి రెండుమారులైనను చదివి వినిపింపవలెను.

చర్చకు కొన్ని ప్రశ్నలు

వచ్చు సమావేశమున సభ్యులు ఈ క్రింది ప్రశ్నలను తీసికొని చర్చింపగోరుచున్నాము.

1. మన గ్రామమున ఎన్ని మగకుక్కలు, ఎన్ని ఆడుకుక్కలు కలవు? చెవి గుర్తు గలవి ఎన్ని?

2. గడచిన ఏడాది మన గ్రామమున ఎందరు కాటుపడిరి? వారిలో పిల్లలెందరు? ఏ నెలలలో, ఏ వీధులలో?

3. మన చేతనున్న సొమ్ముతో ఎన్ని ఆడుకుక్కలకు చేయింపవచ్చును? అవి ముగిసిన పిదప మగకుక్కలకు ఎంత మిగులును?

4. పని ఆగస్టు చివరికి ముగియవలెనన్న, ఏ తేదీలోగా తీర్మానము చేయవలెను? ప్రక్క పంచాయతీలలో ఎవరు మనతో కలియుదురు?

5. మన సభ్యుల ఇండ్లలో నున్న కుక్కలకు టీకాలు పడినవా?

ఈ ఐదవ ప్రశ్నను అందరికంటె ముందుగా అడుగుట మంచిది. సభ్యుని వాకిట కుక్కకు మెడపట్టీయు టీకా చీటియు ఉన్న గ్రామములో తక్కినవారికి వేరుగ చెప్పవలసిన పని తగ్గును.